జహీరా అక్క ఖాళీ బండి

జహీరా అక్కకు తెలియని సంగతంటూ లేదు. కనీసం ఆమె లెక్కలో లేదు. ఏ దవాఖానలో ఏ డాక్టరు ఓపిగ్గా చూస్తాడో, ఏ బండి మీద జామకాయలు తీయగా ఉంటాయో, అత్త నోరు మూయించాలంటే ఏ కూర వండాలో అడగకముందే చెబుతుంది. చెప్పింది తప్పని తేలితే, "అవునే, నాదే తప్పు, అయితేంది?" అని అంతే గట్టిగా ఒప్పేసుకుంటుంది. అందుకే ఆమెతో వాదించి గెలిచినా గెలిచిన సంబరం మిగలదు. ఆమె మీద నాకున్న మొదటి కోపం అదే.

గోదావరిఖని నుంచి ఓపెన్‌కాస్టు బొగ్గుగనికి మొదటి షిఫ్టు ఆడవాళ్ళను చేరవేసే వ్యాన్ ఆమెది. మగవాళ్ళు బైకుల మీద పోతారు. అంత పొద్దున్నే ఆ గేటు దాకా షేర్ ఆటోలు రావు. బొగ్గు లారీల మధ్య దుమ్ము మింగుతూ పోయి, ఖాళీగా తిరిగి రావడానికి ఏ ఆటోవాడికి మనసొప్పుతుంది? జహీరా అక్క భర్త టైలరు. మిషన్ తొక్కడమే తప్ప స్టీరింగ్ ముట్టుకోడు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఈమే డ్రైవింగ్ నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన పాత వ్యాన్ కొని, మా ఇళ్ళ ముందుకు తెచ్చి నిలబెట్టింది. "ఎక్కుండ్రి, నేనున్న" అంది. మేం ఎక్కాం.

నా పేరు సుసన్నా. డిగ్రీ చదివాను. మా నాన్న పేరు మార్కు. బాయిలో, అంటే భూగర్భ బొగ్గుగనిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి ఉద్యోగం దిగిపోతే, ఆయన బదులు నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చీ రాగానే పర్మనెంట్ కాదు. ముందు బదిలీ వర్కర్‌గా చేయాలి. బదిలీ వర్కర్ బతుకంతా మస్టర్ మీద నడుస్తుంది. షిఫ్టు మొదలయ్యేలోపు టైమాఫీసులో హాజరు వేయించుకుంటే ఆ రోజు మస్టర్ పడ్డట్టు. కాస్త ఆలస్యమైతే ఇంటికి పొమ్మంటారు. ఏడాదిలో ఇన్ని మస్టర్లని ఉంటుంది. అవి నిండితే పర్మనెంట్, ఒక్కటి తగ్గినా మళ్ళీ మొదటికే. ఆ ఏడాది వానాకాలంలో మలేరియా వచ్చి నాకున్న వెసులుబాటంతా మంచం మీదే అయిపోయింది. డిసెంబరు వచ్చేసరికి ఒక్క మస్టర్ కూడా పోగొట్టుకోలేని స్థితిలో పడ్డాను. మా ఇంట్లో మా అమ్మ ప్రార్థన కూడా మారిపోయింది. నాన్న ఊపిరి తర్వాత నా మస్టరే.

సరిగ్గా అప్పుడే జహీరా అక్క బండికి తెగులు పట్టుకుంది.

ఓపెన్‌కాస్టుకు పోయే దారిలో తవ్విపోసిన మట్టి గుట్టల పక్కనుంచి ఒక ఎత్తు ఎక్కాలి. అక్కడికి పోయేసరికి ఇంజను వేడెక్కుతుంది. సగం ఎత్తులో చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. కాసేపు చల్లారితే మళ్ళీ స్టార్టయ్యేది. అదేమంటే బండికి మూడ్ లేదంటుంది జహీరా అక్క. ఒక మెకానిక్ పెట్రోలు పంపు మార్చాడు. ఇంకొకడు కాయిల్ మార్చాడు. మూడోవాడు ఏవో సెన్సార్లు మార్చి, "ఇగ చూడక్కా, రైలు లెక్క పోతది" అన్నాడు. రైలు లాగానే పోయింది, సిగ్నల్ లేని చోట కూడా ఆగింది.

ఒకరోజు అలా ఆగితే అందరం దిగి ఎత్తు మీదికి తోశాం. మా బూట్లు, చేతులు, మొహాలు డ్యూటీ చేయకముందే డ్యూటీ చేసినట్టయ్యాయి. నేను టైమాఫీసు కిటికీ దగ్గరికి చేరేసరికి గుమాస్తా కిటికీ మూయబోతున్నాడు. రెక్కకు చెయ్యి అడ్డం పెట్టి మస్టర్ వేయించుకున్నాను. ఆ రోజు పని చేస్తున్నంత సేపూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు అందరం మాట్లాడుకుని, కాంట్రాక్టు పనివాళ్ళను అదే గేటుకు చేరవేసే వీరేందర్ టెంపోలో పోదామని తీర్మానించుకున్నాం. ఆ సంగతి జహీరా అక్కకు చెప్పే పని నా నెత్తిన పడింది. నాకు నోరెక్కువని అందరికీ గొప్ప నమ్మకం.

"అక్కా, రేపటి సంది మేం వీరేందరన్న టెంపోల పోతం," అన్నాను.

"పోండ్రి," అంది. "బండి ఆగుతాంది, నిజమే గద. మీ జాగల నేనుంటే మొన్ననే పోయేదాన్ని."

నేను పోట్లాటకు నడుం బిగించుకుని వచ్చాను. మళ్ళీ పోట్లాట దక్కలేదు.

"కని ఒక్క మాట సుసన్నా. ఈ బండి మళ్ళ నిలవడకుంట చేస్త. చేసినంక నేనే చెప్త. అప్పటిదాంక నేను పిలిచినా ఎక్కకుండ్రి."

నిజం చెప్పాలంటే వీరేందర్ టెంపో మీద కూడా నాకు నమ్మకం లేదు. మనిషి మంచివాడే, కానీ ముందు ఎవరు ఎక్కితే వాళ్ళే అతనికి గిరాకీ. ఫలానా సుసన్నా ఫలానా మూల మీద నిలబడి ఉంటుందని గుర్తు పెట్టుకునేది జహీరా అక్క ఒక్కతే. అందుకే ఆ ఆదివారం ప్రార్థన అయిపోగానే, కట్టుకున్న తెల్లచీర కూడా మార్చుకోకుండా, ఆమె తమ్ముడు ఉజైర్ షెడ్డుకు పోయాను. ఉజైర్ బండ్ల కరెంటు పని చేస్తాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ బండి మీదికి వంగి ఉన్నారు. వాళ్ళ నాన్న బద్రుద్దీన్ కాక స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన బాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. తన కింది పనివాళ్ళ ప్రాణాలకు పూచీ పడే కొలువది.

"రా బిడ్డా, కూసో. ఆపరేషన్ నడుస్తాంది," అన్నాడు కాక.

ఉజైర్ ముందు సీటు ఎత్తాడు. కింద, దాదాపు నేలకు ఆనుకుని, అరచేయంత రేకు డబ్బా ఉంది. దాంట్లోంచి లావుపాటి వైర్ల కట్ట బయటికి వస్తోంది. ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పురవ్వ వేయాలో ఇంజనుకు చెప్పే కంప్యూటర్ అదేనట. అతను తన స్కానర్ తగిలించి ప్రశ్నలడిగితే అది ఒకసారి జవాబిస్తోంది, ఒకసారి ఉలకడం లేదు. దానికి వచ్చే కరెంటు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు అన్నీ సరిగానే ఉన్నాయి. ఇంజన్ నడుస్తుండగా ఉజైర్ స్క్రూడ్రైవర్ పిడితో ఆ డబ్బా మీద మెల్లగా తట్టాడు. ఇంజను దగ్గింది. ఇంకోసారి తట్టాడు. ఠక్కున ఆగిపోయింది.

బద్రుద్దీన్ కాక చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "డొల్ల! మేం కర్రతోని బాయిల నెత్తి మీది కప్పును గిట్లనే కొట్టి చూసేటోళ్ళం. గట్టిగ పలికితే మందిని పంపుడు. డొల్లగ పలికితే వాపస్ తోలుడు."

ఉజైర్ బ్యాటరీ వైరు పీకి, డబ్బా ఊడదీసి మూత తెరిచాడు. పచ్చటి పలక మీద ఒక మూలంతా బొగ్గుపొడి తడిసి ఎండి అట్టకట్టింది. దాని కింద రాగి గీతలు చిలుం పట్టి తెగిపోయాయి.

"నీళ్ళు యాడికెళ్ళి వచ్చినయ్ అక్కా?"

జహీరా అక్క తన చేతుల వైపు చూసుకుంది.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో మా అందరికీ తెలుసు. బొగ్గు మనిషి కడుక్కోకుండా గడప తొక్కకూడదన్నది వాళ్ళింటి నియమం. బద్రుద్దీన్ కాక షిఫ్టు దిగి వస్తే, వాకిట్లోనే ఒళ్ళు తోముకుని, మసి వదిలాకే లోపలికి వచ్చేవాడట. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల బండికీ అదే నియమం పెట్టింది. మమ్మల్ని దింపి ఇంటికి పోగానే మోటారు వేసి, పైపుతో బండిని బయటా లోపలా కడిగేది. మా బూట్ల నుంచి రాలిన బురదనంతా సీట్ల కిందికి నీళ్ళు కొట్టి బయటికి నెట్టేది. ఇక్కడ బండి ఉన్న ప్రతి ఇంట్లో చేసే పనే, కాకపోతే ఈమెది పట్టుదల. రోడ్డు మీద అన్ని బండ్లూ నల్లగా తిరుగుతుంటే ఆమెది ఒక్కటే పెళ్ళికి పోతున్నట్టు మెరిసేది. మేం కూడా ఆ మెరుపు చూసి మురిసిపోయేవాళ్ళం.

"అక్కా, దీన్ని నువ్వే సంపినవ్," అన్నాడు ఉజైర్.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది," అన్నాను నేను. ఊరుకోవచ్చుగా? ఊరుకోలేను.

ఆమె నా వైపు కొరకొరా చూసింది. "నీ బూట్ల బురద కడుగుకుంటనే గద నేనిట్ల జేసింది?" అంది. అంతలోనే మళ్ళీ డబ్బా వైపు తిరిగి, దాన్ని చేతిలోకి తీసుకుని, చిలుం పట్టిన చోట బొటనవేలితో రాసింది. "సంపిన. నేనే సంపిన. ఇగ నేనే బతికిస్త. కొత్తది తియ్యి ఉజైర్."

కొత్తదంటే కొత్తది కాదు. ఇంత పాత బండికి కొత్త డబ్బా ఎక్కడ దొరుకుతుంది? కరీంనగర్‌లో తుక్కుకు వచ్చిన ఇలాంటి వ్యాన్‌లోంచి ఊడదీసిన డబ్బా అది. పైనున్న కాగితం మీది నంబరు ఆఖరి అక్షరం దాకా పాతదానితో సరిపోవాలని ఉజైర్ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ప్లగ్గులోని ముళ్ళన్నీ బ్రష్‌తో తుడిచి ఆరబెట్టాడు. తగిలించి తాళం తిప్పితే ఇంజను గిర్రుగిర్రుమని తిరిగిందే గానీ అందుకోలేదు. రేపటి మస్టర్ కూడా ఆ చప్పుడుతోనే పోయినట్టనిపించింది.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు ఉజైర్. "తాళంచెవిని గుర్తువడ్తలేదు, గంతే. ఇది పరాయి బండిల పుట్టింది గద. మన బండి యాదిని దీంట్ల ఎక్కియ్యాలె."

పాతదాని పలక మీద ఒక మూల చెడినా, జ్ఞాపకాలు దాచుకునే చిప్పు మాత్రం బాగానే ఉందట. దాంట్లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి తీసి కొత్తదానిలోకి ఎక్కించాడు. మళ్ళీ తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. జహీరా అక్క చేతులు రెండూ పైకెత్తి కేక పెట్టింది. ఉజైర్ మళ్ళీ డబ్బా మీద తట్టాడు. ఇంజను తన పాట తాను పాడుకుంటూనే ఉంది.

దాన్ని తిరిగి సీటు కింద బిగించబోతుంటే ఆమె ఆపింది. "అండ్లనే పెడ్తే మళ్ళ గదే కత. పైన పెట్టు. డ్యాష్‌బోర్డు కిందికి, నీళ్ళందని జాగల." వైరు చాలదేమోనని ఉజైర్ గునిశాడు. ఆమె ముందుకు వంగి వైర్ల కట్టను విప్పి లాగి చూపించింది. చాలింది. ఇనుప పట్టీ ఒకటి వంచి, పొరపాటున చుక్క పడినా జారిపోయేలా ప్లగ్గు కింది వైపుకు ఉండేట్టు డబ్బాను పైన బిగించారు. పైపుతో కడగడం ఇక బంద్. తడిగుడ్డే. ఈ ఆజ్ఞ తనకు తానే వేసుకుంది.

"అయితే రేపు నీ బండే ఎక్కుత," అన్నాను.

"ఎక్కకు."

"అదేందక్కా? నడుస్తాంది గద?"

"షెడ్డుల నడుస్తాంది. ఎత్తు మీద సూడలే." తండ్రి వైపు తిరిగింది. "చెప్పు అబ్బా, కప్పు కూలినంక మళ్ళ కట్టె దిమ్మెలు పెట్టి ఎత్తుతే, దాని కింద ముందుగాల ఎవరు నిలవడ్తరు?"

"సర్దారే," అన్నాడు కాక, ఇది కూడా అడగాలా అన్నట్టు. "మంది తర్వాత."

"విన్నవ్ గద. వారం రోజులు ఖాళీగ తిప్పుత, మీ షిఫ్టు టైముకే, మీ తొవ్వలనే. ఒక్కపాలి ఆగకుంటె అప్పుడు తలుపు తీస్త. నీ మస్టర్ మీద నా బండిని పరీక్ష చెయ్య, సుసన్నా."

నాకు కోపమొచ్చింది. బాగుపడిన బండి కళ్ళ ముందు పెట్టుకుని టెంపోలో ఇరుక్కుని పొమ్మనడం ఏం న్యాయం? కానీ ఆమె ముందు నోరు పారేసుకుని లాభం లేదని తెలుసు కాబట్టి ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున్న టెంపో వెనక అద్దంలోంచి చూస్తే జహీరా అక్క వ్యాన్ కనబడింది. సీట్లన్నీ ఖాళీ. మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని, మా టెంపో లేపిన దుమ్మంతా తింటూ వస్తోంది. మేం ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. "నా గిరాకీని గుంజుకోనీకి ఎంబడి వడ్డదా ఏంది?" అని వీరేందర్ అనుమానపడ్డాడు. నా పక్కన కూర్చున్న మా షిఫ్టు సమ్మవ్వ, "బిడ్డను అత్తగారింటికి తోలిన తల్లి లెక్క వస్తాంది," అంది. అందరం నవ్వాం. ఎత్తు ఎక్కింది, ఆగలేదు. గేటు దగ్గర కాసేపు ఇంజను ఆడనిచ్చి, డబ్బాను తట్టి చూసుకుని తిరిగిపోయింది. మంగళవారం అంతే. బుధవారం అంతే. ఆమె పెట్రోలు, ఆమె పొద్దు, ఆమె మొండితనం.

గురువారం నాడు నేను మూల మీద నిలబడి ఉండగా టెంపో వచ్చింది. అంతకు ముందు స్టాపులోనే కాంట్రాక్టు పని ఆడవాళ్ళు ఎక్కేశారు. కాలు పెట్టే చోటు లేదు. "జాగ లేదు చెల్లె! చౌరస్తల చెకింగున్నది, ఒక్కలు ఎక్కువున్నా బండి గుంజుకపోతరు," అన్నాడు వీరేందర్. సమ్మవ్వ లోపల్నుంచి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానని అరిచింది. వీరేందర్ వినలేదు. టెంపో పోయింది.

నేను రోడ్డు మీద నిలబడిపోయాను. నడిచి పోతే షిఫ్టు అందదు. బైకు మీద పోయేవాళ్ళెవరైనా ఆగుతారేమోనని చెయ్యెత్తాను. అందరికీ వెనక ఎవరో ఒకరున్నారు. ఏడాదంతా ఎండలో వానలో చేసిన డ్యూటీలు కళ్ళ ముందు తిరిగాయి. నాన్న మొహం కనబడింది. ఏడుపొచ్చింది.

జహీరా అక్క వ్యాన్ వచ్చి నా ముందు ఆగింది. "ఎందుకు నిలవడ్డవ్?" అని అడిగి, జవాబు వినకుండానే అర్థం చేసుకుని వీరేందర్‌ని ఒక తిట్టు తిట్టింది. తర్వాత నన్ను, అంతకు ముందు స్టాపుకే పోయి ఎక్కనందుకు. చివరికి తన వారం నియమాన్ని కూడా.

"అక్కా, నా మస్టర్," అన్నాను.

ఆమె నా మొహం కేసి చూసింది. ఇంజను ఆపలేదు. డ్యాష్‌బోర్డు కిందికి వంగి స్క్రూడ్రైవర్ పిడితో డబ్బాను తట్టి, చెవి పెట్టి విన్నది. మళ్ళీ తట్టింది, ఈసారి గట్టిగా. ఇంజను తొణకలేదు. ప్లగ్గు చేత్తో పట్టుకుని కదిలించి చూసింది. అప్పుడు పక్క తలుపు తీసింది.

"ఎక్కు."

ఆమె చూపు రోడ్డు మీదే, చెవి ఇంజను మీదే. చౌరస్తా దాటాం. గుట్టల దగ్గర ఎత్తు మొదలైంది. ముందు ఒక లారీ లోడుతో మూలుగుతూ పోతోంది, దాటే సందు లేదు. సరిగ్గా సగం ఎత్తులో లారీ ఆగింది. మేమూ ఆగాం. ఇంజను వేడెక్కింది, ఎత్తు మీద ఉన్నాం, పాత డబ్బా ప్రాణం విడిచేది సరిగ్గా ఇక్కడే. నేను కళ్ళు మూసుకున్నాను.

"అక్కా, ఆగిపోతే?"

"ఆగది."

"ఆగితే?"

"ఆగితే నిన్ను బుజం మీద ఏసుకోని ఉరుకుత. నోరు మూసుకోని కూసో."

లారీ కదిలింది. ఆమె క్లచ్ వదిలింది. వ్యాన్ ఎత్తంతా ఒక్క దమ్మున ఎక్కి, గేటు ముందు ఆగింది. నేను తలుపు కూడా వేయకుండా పరుగెత్తాను. గుమాస్తా నా పేరు రాసుకున్నాడు. మస్టర్ పడింది.

ఆ మాట చెప్పడానికి గేటు దాకా తిరిగి పరుగెత్తాను. జహీరా అక్క స్టీరింగ్ మీద తల ఆనించి ఏడుస్తోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె భుజం పట్టుకున్నాను.

"పడ్డదా?" అంది తల ఎత్తకుండానే.

"పడ్డదక్కా."

"మరి పో. డ్యూటీ చేస్కో. నన్నేం జూస్తవ్?" కొంగుతో మొహం తుడుచుకుంది. "చానా బయమైందే. కప్పు కింద ఒక్కదాన్నే నిలవడ్తె ఫికర్ లేకుండె. నిన్ను పక్కకు కూసోవెట్టుకునేటాల్లకు పాణం గిలగిల కొట్టుకున్నది."

ఇన్నాళ్ళూ ఆమె గట్టి మాటలు విని ఈ మనిషికి భయమే లేదనుకున్నాను. మా అందరి భయం తనే మోస్తూ ఉంటే ఇక తన భయాన్ని చూపించే తీరిక ఎక్కడిది? నాకు ఆమె మీద ఉన్న కోపాలన్నీ ఆ గేటు దగ్గరే పోయాయి. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ మాట ఆమెకు చెప్పలేదు, చెబితే, "అవునే, నాకెర్క" అంటుంది.

శుక్రవారం మేమందరం కూడబలుక్కుని టెంపోను వదిలేసి వ్యాన్ కోసమే నిలబడ్డాం. నేనైతే సగం హక్కుగా తలుపు మీద చెయ్యి వేశాను. జహీరా అక్క లోపల్నుంచి గడియ పెట్టుకుంది.

"వారం కాలే. టెంపో ఎక్కుండ్రి."

"నిన్న ఎక్కించుకున్నవ్ గద!"

"నిన్న నీ మస్టర్ పోతుండె. ఇయ్యాల టెంపోల జాగున్నది. పోండ్రి, జల్ది."

అందరం తిట్టుకుంటూ టెంపో ఎక్కాం. సమ్మవ్వ కిటికీ పక్క సీటు ఇస్తానంటే వద్దని, నేను వెనక అద్దానికి వీపు ఆనించి కూర్చున్నాను. గుట్టల ఎత్తు వచ్చింది. టెంపో ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతోంది. చాలా రోజుల తర్వాత నాకు టైము ఎంతైందో చూసుకోవాలనిపించలేదు. ఈ టెంపో ఇక్కడే ఆగిపోయినా సరే, నా వెనక ఒక ఖాళీ బండి వస్తోంది.